భయంతో మేలుకోవడం మెలకువేనా?

ప్రశ్న: చిన్నప్పటి నుండి సంఘంలోనే పెరిగాను. పదిహేడేళ్ల వయసులో బాప్తిస్మం తీసుకున్నాను, ఇప్పుడు నలభై దాటాయి. సండే స్కూలులో పిల్లలకు బోధిస్తున్నాను, స్త్రీల ప్రార్థన కూటంలో పాటలు నడిపిస్తున్నాను. బయటికి చూస్తే ఏ లోటూ లేదు. కానీ రెండేళ్లుగా నా ప్రార్థన పెదవుల మీదే ఉంటోంది. ఆదివారం పాఠం కోసం తప్ప బైబిలు తెరవడం లేదు. మెలకువగా లేనివారు ప్రభువు రాకడలో విడిచిపెట్టబడతారని ఒక ప్రసంగంలో విన్నప్పటి నుండి నాకు భయం పట్టుకుంది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి మోకరిస్తున్నాను; కాసేపటికే మంచం అంచుకు తల ఆనించి నిద్రపోతున్నాను. మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసి ఉంటుంది, మనసంతా నేరభావంతో నిండిపోతుంది. రాత్రిళ్లు అంత్యదినాల గుర్తుల గురించిన వీడియోలు చూస్తూ ఇంకా భయపడుతున్నాను. ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కుంటున్నాను. పిల్లల కార్యక్రమం బాధ్యత నా దగ్గర నుండి తీసి మరో సోదరికి ఇచ్చినప్పటి నుండి ఆమెతో నాకు మాటలు సరిగా లేవు, అది వేరే విషయం. నేను ఆత్మీయంగా నిద్రపోతున్నానా? భయం లేకుండా మెలకువగా ఉండడం సాధ్యమేనా? ఈ స్థితిలో నేను పిల్లలకు బోధించవచ్చా, మానుకోవాలా?
– ఒక సోదరి

సమాధానం:

ప్రియమైన సోదరికి ప్రభువు నామమున వందనములు.

మోకాళ్ల మీద నిద్రపోవడం గురించి ముందుగా చెబుతాను. మీరు దాన్నే అన్నిటికంటే పెద్ద నేరంగా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో ఉన్న విషయాలన్నిటిలోకి అదే చిన్నదిగా కనిపించింది. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయినప్పుడు ప్రభువు వారిని గద్దించిన మాట నిజమే. "ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?" అని ఆయన పేతురును అడిగాడు. అయితే "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అన్నది కూడా ఆ సందర్భంలోనే, ఆ నోటితోనే. లూకా ఇంకొంచెం ముందుకు వెళ్లి, వారు దుఃఖం చేత నిద్రపోయారని కారణం కూడా రాశాడు. పదిమంది కన్యకల ఉపమానాన్ని ఈసారి చదివేటప్పుడు మత్తయి 25:5 దగ్గర కాసేపు ఆగండి. పెండ్లికుమారుడు ఆలస్యం చేసినప్పుడు కునికి నిద్రించినవారు బుద్ధిలేని ఐదుగురు మాత్రమే కాదు, పదిమందీ. బుద్ధిగలవారిని లోపలికి తీసుకువెళ్లింది రెప్ప వాల్చకుండా కూర్చున్న ఓర్పు కాదు. పడుకోకముందే సిద్దెలలో నింపి తెచ్చుకున్న నూనె. ఏలీయా ప్రాణం విసిగి బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత వచ్చి అతనికి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అతడు తిని మళ్లీ పడుకున్నా ఏమీ అనలేదు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు ప్రయాణం, అక్కడ దేవుడు అడిగిన ప్రశ్న, ఆ తరువాతే.

ఎడతెగని ప్రార్థనకు పేరుపొందిన మొరేవియన్ సహోదరులు కూడా ఈ విషయంలో మనకంటే తెలివిగా నడుచుకున్నారు. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు రోజులోని గంటలను తమలో పంచుకుని, ఒక్కొక్కరు తమ వంతు గంటలో ప్రార్థించేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆ ప్రార్థన నూరేళ్లకు పైగా సాగింది. అలా సాగడానికి కారణం, ఏ ఒక్కరూ రాత్రంతా మేలుకోవాలని నియమం పెట్టుకోకపోవడమే. తమ గంట ముగిసినవారు వెళ్లి పడుకునేవారు.

కాబట్టి మూడు గంటల నియమాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ ఒంట్లో ఓపిక ఉండే సమయం ఏదో మీకే తెలుసు; అది ఉదయం ఏడు గంటలైనా, మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడైనా ప్రభువుకు అభ్యంతరం లేదు. రాత్రి చాలినంత నిద్రపోండి. నిద్ర సరిపోయాక కూడా నెలల తరబడి ఉత్సాహం లేకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోవడం కొనసాగితే డాక్టరును కలవండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. శరీరపు అలసటను ఆత్మ పతనంగా లెక్కవేసుకుని ఏళ్ల తరబడి కుమిలిపోయే విశ్వాసులు సంఘాల్లో చాలామందే ఉన్నారు. వారిని ఇంకా గట్టిగా గద్దించే ప్రసంగాల వల్ల ఒనగూరే మేలు చాలా తక్కువ అని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. ఒక సోదరితో మాటలు సరిగా లేవని చెప్పి, వెంటనే "అది వేరే విషయం" అని ముగించారు. అది వేరే విషయం కాదని నా నమ్మకం. మెలకువ గురించి మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ వాక్యంలోనే ఉంది.

ఎందుకు అలా అంటున్నానో చెప్పడానికి సార్దీస్ సంఘం గుర్తుకు వస్తోంది. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో "జీవించుచున్నావన్న పేరుమాత్రమున్నది గాని నీవు మృతుడవే" అన్న మాట విన్నది ఆ సంఘమే. మేల్కొనకపోతే దొంగవలె వస్తానని ప్రభువు హెచ్చరించిందీ ఆ సంఘాన్నే. ఆ ఊరివారికి ఈ హెచ్చరిక మరింత సూటిగా తగిలి ఉంటుంది. సార్దీస్ కోట నిటారైన కొండ మీద ఉండేది. క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు కోరెషు దాన్ని ముట్టడించినప్పుడు, పైనున్న ఒక సైనికుడి శిరస్త్రాణం జారి కిందికి దొర్లింది. అతడు కొండ అంచు వెంబడి దిగి వచ్చి, దాన్ని తీసుకుని, వచ్చిన దారినే తిరిగి ఎక్కాడు. కింద నుండి ఒక పర్షియా సైనికుడు అతను ఎక్కడెక్కడ కాలు పెట్టాడో గమనించాడు. ఆ దారినే పర్షియన్లు ఎక్కి కోటను పట్టుకున్నారు. చరిత్రకారుడు హెరొడోటస్ ఈ సంగతి చెబుతూ, ఆ వైపు కాపలా లేకపోవడానికి కారణం కూడా రాశాడు: అక్కడ కొండ చాలా నిటారుగా ఉంది, అటు నుండి ఎవరూ రాలేరని అందరూ అనుకున్నారు. మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక, క్రీ.పూ. 214 ప్రాంతంలో, మూడవ అంతియొకసు రాజు ముట్టడిలో దాదాపు అదే మళ్లీ జరిగింది. ఈసారి ఒక సైనికుడు పక్షుల్ని గమనించాడు. ఒకచోట రాబందులు నిశ్చింతగా వచ్చి గోడ మీద వాలుతున్నాయి. పక్షులు బెదరకుండా వాలుతున్నాయంటే అక్కడ మనుషులు లేరని అతను గ్రహించాడు.

రెండుసార్లూ పట్టణం పడిపోయింది బలహీనమైన చోట కాదు, శత్రువు వస్తాడన్న భయం ఉన్నచోట కాపలావాళ్లను పెట్టారు. ఎవరూ భయపడని చోట పడిపోయింది.

ఇది విశ్వాస జీవితానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. మోషే భూమి మీదనున్న వారందరిలో మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండం సాక్ష్యమిస్తోంది. అతడు వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేకపోయింది కోపంతో పలికిన మాటల వల్ల, బండను కొట్టిన దెబ్బల వల్ల. పేతురు శిష్యులందరిలో ధైర్యశాలి. అతడు తడబడింది ఒక పనికత్తె ప్రశ్న ముందు. మనం జాగ్రత్తపడే పాపాలు సాధారణంగా మనకు భయం ఉన్న పాపాలు. మీ విషయంలో చూస్తే, మీ చుట్టూ ఉన్నవారు గౌరవించేదీ, మీరే నమ్మకం పెట్టుకున్నదీ మీ పరిచర్య. అటు నుండి ఏదీ లోపలికి రాదని మీరు అనుకుని ఉంటారు. ఆ బాధ్యత ఒకనాడు చేయి జారినప్పుడు మీలో ఏం లేచిందో ఎవరూ చూడలేదు, మీరు కూడా నిలబడి చూడలేదు. మీ ప్రార్థన ఎండిపోవడం, ఈ చీలిక, ఈ రెండూ ఒకే కాలంలో మొదలయ్యాయో కాదో మీరు రాయలేదు. ఒకసారి గుర్తు చేసుకోండి. అవి దగ్గర దగ్గరగా ఉన్నాయని తేలితే నాకు ఆశ్చర్యం కలగదు.

ఇంకా దగ్గరగా ఒక ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ సోదరి నడిపించిన కార్యక్రమంలో ఏ పిల్లవాడో కంఠస్థ వాక్యం సగంలో మరచిపోయి అందరి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడిన క్షణం ఒకటి వచ్చి ఉంటుంది. పిల్లల కార్యక్రమాల్లో అది రాకుండా ఉండదు. ఆ క్షణంలో మీ మనసులో ఏం కదిలింది? పిల్లవాడి మీద జాలి కంటే ముందు, "నేను నేర్పించి ఉంటే ఇలా జరిగేది కాదు" అనే చిన్న తృప్తి కదిలిందా? కదలకపోతే దేవునికి స్తోత్రం, నా ఊహ తప్పని చెప్పి ఈ పేరాను వదిలేయండి. కదిలి ఉంటే మాత్రం, మూడు గంటల ప్రార్థనలో వచ్చిన నిద్రకంటే ఆ తృప్తిని గురించి ఎక్కువగా జాగ్రత్తపడాలి. అది చాలా చిన్నది, ఎవరికీ హాని చేయనట్టు కనిపిస్తుంది, ఒప్పుకోలు ప్రార్థనలో దాని పేరు కూడా తలవం. అలాంటివి లోపల మిగిలిపోయినప్పుడు ప్రార్థన పెదవుల మీదికి వచ్చేస్తుంది, ఎందుకంటే దేవుని ఎదుట హృదయం తెరిస్తే ముందుగా బయటపడేవి అవే.

అపవాది గర్జించే సింహంలా తిరుగుతున్నాడన్న వచనం మీరు చాలాసార్లు విని ఉంటారు. మెలకువ గురించిన ప్రసంగాల్లో 1 పేతురు 5:8 తప్పక వస్తుంది, సింహాన్ని బాగా వర్ణిస్తారు కూడా. దానికి ముందున్న మూడు వచనాలను మాత్రం చాలామంది దాటేస్తారు. అక్కడ పేతురు మాట్లాడుతున్నది సంఘంలో పెద్దలు, చిన్నవారు ఒకరిపట్ల ఒకరు దీనమనస్సు కలిగి ఉండడం గురించి. దేవుడు తగిన సమయంలో హెచ్చించేలా ఆయన బలిష్ఠమైన చేతికింద తగ్గి ఉండడం గురించి. "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్న మాట గురించి. సింహం ఆ తరువాత వస్తుంది. తనకు దక్కవలసిన స్థానం దక్కలేదన్న చింతను మోసుకు తిరిగే మనిషే దానికి సులువుగా దొరుకుతాడని ఆ వరుసను బట్టి నాకు అర్థమవుతోంది. రాసినవాడు ఎవరో కూడా మరువకండి. తమలో ఎవడు గొప్పవాడని శిష్యులు వాదించుకున్న ఆ రాత్రి అక్కడే ఉన్నవాడు, ఆ రాత్రే తోటలో నిద్రపోయినవాడు, తెల్లవారకముందే ప్రభువును ఎరగనన్నవాడు ఈ మాటలు రాశాడు. పౌలు కూడా కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో, తప్పుచేసిన ఒకరిని క్షమించమని చెబుతూ, సాతాను మనలను మోసపరచకుండా ఉండేందుకే అని కారణం చెప్పాడు. క్షమాపణను అతడు ఆత్మీయ యుద్ధంలో భాగంగానే చూశాడు.

కాబట్టి ఆ సోదరిని కలవండి. ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం, ఎందుకంటే ఇలాంటి సందర్భాల్లో మనం క్షమాపణ అనుకుంటూ నేరారోపణ చేసి వస్తాం. "మీరు నన్ను ఎంతో బాధపెట్టారు, అయినా నేను క్షమించాను" అంటే ఎదుటివారు అప్పటిదాకా తమకు తెలియని నేరానికి ముద్దాయి అయి నిలబడతారు. ఆ బాధ్యత కావాలని ఆమె అడిగిందో లేదో కూడా మీ ఉత్తరంలో లేదు. "మీమీద నా మనసులో కోపం పెట్టుకున్నాను, అది తప్పు, నన్ను క్షమించండి" అంటే చాలు. కారణాలు చెప్పవద్దు, ఆమె అడిగితే తప్ప. ఇక మీ దగ్గర నుండి ఆ పని తీసిన తీరు అన్యాయమని మీకు నిజంగా అనిపిస్తే, సంఘ పెద్దలను నేరుగా అడగడంలో తప్పేమీ లేదు. అది వేరే రోజు, వేరే మాట. ఈ రెంటినీ ఒకే సంభాషణలో కలపకండి.

ఇక రోజువారీ సాధన విషయం. రోజంతా తన మనసునే పట్టి చూసుకుంటూ కూర్చోవడం మెలకువ కాదు. అలా కూర్చున్నవారు తొందరలోనే తమలోని ప్రతి ఆలోచనకూ భయపడడం మొదలుపెడతారు. నాలుగవ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి మనుషుల్ని పట్టిపీడించే తలంపులను ఓపికగా గమనించి రాసిపెట్టాడు. అతని బోధ అంతా మన సంఘాలవారికి నచ్చకపోవచ్చు, కానీ గమనికలో అతనికి సాటి వచ్చేవారు తక్కువ. తలంపులు రావడం రాకపోవడం మన చేతుల్లో లేదని, అవి లోపల నిలిచిపోవాలా లేదా అన్నదే మన చేతుల్లో ఉందని అతడు చెప్పాడు. మధ్యాహ్నపు వేళ సన్యాసిని ఆవహించే ఒక విసుగు గురించి కూడా రాశాడు. ఆ విసుగు పట్టినవాడికి సూర్యుడు కదలడం లేదనిపిస్తుంది, మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, తానున్న చోటు మీద ద్వేషం పుడుతుంది, సహోదరుల్లో ప్రేమ చచ్చిపోయిందనిపిస్తుంది, మరో చోటికి వెళితే దేవుణ్ణి బాగా సేవించవచ్చనిపిస్తుంది. ఇప్పుడు కిటికీ స్థానంలో ఫోను వచ్చింది, మిగతాదంతా అలాగే ఉంది. మీరు ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం, బైబిలు తెరవబోయి ఫోను తెరవడం, ఈ సంఘంలో ఎవరికీ నా విలువ తెలియదనుకోవడం (ఇది మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను) ఆ జబ్బు లక్షణాలే. దానికి అతడు చెప్పిన మందు కూడా గొప్పదేమీ కాదు: ఉన్నచోటు వదలకుండా, చేతిలో ఉన్న చిన్న పనిని ఓపికగా పూర్తి చేయడం.

మీకు నేను సూచించేది సాయంత్రం ఒక పది నిమిషాలు. పడుకునే ముందు కాదు, అప్పటికి అలసిపోయి ఉంటారు. కృతజ్ఞతతో మొదలుపెట్టండి. కొలొస్సయులకు రాసిన పత్రికలో మెలకువను ప్రార్థనతోపాటు కృతజ్ఞతతోనే జతచేసి చెప్పారు. ఈ రోజు దేవుడు చేసిన మేలు ఒకదాన్ని పేరు పెట్టి చెప్పండి, "అన్ని మేలుల కొరకు స్తోత్రం" అని దాటేయకండి. తరువాత 139వ కీర్తన చివరి రెండు వచనాలను మీ ప్రార్థనగా చేసుకోండి. అక్కడ కీర్తనకారుడు నన్ను నేను పరిశోధించుకుంటానని అనడం లేదు, దేవుణ్ణే పరిశోధించమని అడుగుతున్నాడు. ఆ ప్రార్థన చేసి, రోజును ఉదయం నుండి ఒకసారి వరుసగా గుర్తు చేసుకుంటే ఎక్కడో ఒకచోట మనసు ఆగుతుంది: ఒక ముఖం, ఒక మాట, జవాబివ్వకుండా వదిలేసిన ఒక సందేశం. అక్కడే ఆగండి. దాన్ని దాని పేరుతోనే ఒప్పుకోండి, అసూయైతే అసూయ అనండి, "ఏదైనా తెలియక పొరపాటు చేసి ఉంటే" అనవద్దు. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9ని నమ్మి లేవండి. అంతే. మరుసటి రోజు చేయవలసినది ఏదైనా తేలితే కాగితం మీద రాసుకోండి. సండే స్కూలు పాఠంతో సంబంధం లేకుండా ఒక సువార్తను రోజుకు పది పదిహేను వచనాల చొప్పున చదవడం కూడా మొదలుపెట్టండి. మార్కు సువార్త అయితే బాగుంటుంది. పిల్లలకు ఏం చెప్పాలా అని వెదకకుండా చదవడం మీకు మొదట్లో కష్టమనిపిస్తుంది. బోధించేవారందరికీ వచ్చే ఇబ్బందే అది.

భయం గురించి, ఆ వీడియోల గురించి. వాటిని కొన్ని నెలలపాటు పూర్తిగా మానుకోండి. ప్రభువు రాకడను నేను తేలిక చేయడం లేదు. ఆయన వస్తాడని ఒప్పుకోని విశ్వాసం అపొస్తలుల విశ్వాసం కాదు. కానీ ఆ దినాన్నీ గడియనూ తండ్రి తప్ప ఎవరూ ఎరుగరని మార్కు 13:32లో కుమారుడే చెప్పాక, ఇంకొకరు వచ్చి లెక్కలు వేస్తే వినవలసిన అవసరం మనకు లేదు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్నవారు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు పంటలు కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. ఆ రోజు గడిచిపోయింది, అనేకుల విశ్వాసం చెదిరిపోయింది. వారు నిష్ఠ లేనివారు కాదు, మనలో చాలామందికంటే నిష్ఠగలవారే. వారి చూపు మాత్రం వచ్చేవాడి మీద నుండి రావలసిన తేదీ మీదికి జరిగింది. మార్కు 13లోని ఉపమానంలో ఇల్లు విడిచి దూరదేశం వెళ్లిన యజమాని దాసుల్లో ప్రతివానికి వాని వాని పని నియమించి వెళ్లాడు. ద్వారపాలకుడికి మెలకువగా ఉండడమే పని. మిగిలినవారికి వారి పనిలో ఉండడమే మెలకువ. యజమాని ఏ జామున వస్తాడో, సాయంకాలమా, అర్ధరాత్రా, కోడికూతప్పుడా, తెల్లవారేటప్పుడా తెలియదు కాబట్టే పని ఆపకూడదు. థెస్సలొనీకలో కొందరు పని మానేసి తిరిగినప్పుడు పౌలు వారిని మెచ్చుకోలేదు.

ఆ వచ్చేవాడు ఎలాంటివాడో లూకా 12:37లో ఉంది, దాన్ని మీరు కంఠస్థం చేయాలని నా కోరిక. మెలకువగా ఉన్న దాసులను చూసి ఆ యజమాని తానే నడుము కట్టుకుని, వారిని భోజనపంక్తిని కూర్చోబెట్టి, వారికి ఉపచారం చేస్తాడు. రాత్రివేళ ఇంటికి వచ్చిన యజమానికి దాసులు వడ్డించడం లోకరీతి. ఇక్కడ యజమానే వడ్డిస్తున్నాడు. మీరు మూడు గంటలకు లేచి ఎదురుచూస్తున్నది ఈయన కోసమేనా, లేక తప్పు పట్టుకోవడానికి వచ్చే అధికారి కోసమా? ఎదురుచూపులో ఉన్న రుచి, అలసట రెండూ ఎవరి కోసం ఎదురుచూస్తున్నామన్న దాన్నిబట్టే ఉంటాయి. నిర్లక్ష్యంగా ఉన్న దాసుడి గతి కూడా ఆ అధ్యాయంలోనే ఉంది, దాన్ని దాచి చెప్పను. అయితే ఆ దాసుడు తన యజమాని ఆలస్యం చేస్తున్నాడనుకుని తోటి పనివారిని కొట్టి, తిని తాగి మత్తిల్లినవాడు. ప్రార్థన చేయాలని ప్రయత్నించి నిద్రపోయిన మనిషి అతనితో పోల్చుకుని వణకనక్కరలేదు. థెస్సలొనీకయులకు మెలకువ గురించి అంత గట్టిగా రాసిన పౌలే ఆ వెంటనే, మనం మేల్కొనియున్నా నిద్రపోతున్నా తనతో కూడ జీవించాలని క్రీస్తు మనకొరకు మృతిపొందాడని రాశాడు.

పరిశుద్ధాత్మ ఒప్పించడానికీ అపవాది నేరం మోపడానికీ తేడా ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావచ్చు. ఆత్మ ఒక సంగతిని చూపిస్తాడు, దానికి దారి కూడా చూపిస్తాడు: ఆ సోదరితో మాట్లాడు, ఆ మాట వెనక్కి తీసుకో. నేరం మోపేవాడు పేరు లేని బరువును మోపుతాడు: నువ్వు పనికిరావు, నువ్వు విడిచిపెట్టబడతావు. చేయడానికి ఏమీ చూపించని భయాన్ని దేవుని స్వరమని తొందరపడి నమ్మవద్దు.

ఈ పనులన్నీ ఒంటరిగా చేయాలని కూడా పెట్టుకోకండి. పాపం వల్ల కలిగే మోసం చేత ఎవరూ కఠినపరచబడకుండా ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోవాలని హెబ్రీ పత్రిక 3:13 చెబుతోంది. మోసపోయినవారికి తాము మోసపోయిన సంగతి తెలియదు, అందుకే పక్కన మరొకరు ఉండాలి. తోటలో ప్రభువే ముగ్గురిని వెంట తీసుకువెళ్లి తనతో మేలుకోమని అడిగాడు. సంఘంలో మీకంటే పెద్దవారైన ఒక సోదరిని ఎంచుకోండి. విన్న మాటను తన దగ్గరే దాచుకోగలగడం ఆమెలో మీరు చూడవలసిన మొదటి గుణం. చక్కగా ప్రార్థించే శక్తి రెండోది. రెండు వారాలకోసారి అరగంట కూర్చుని, "ఆ సోదరి విషయం ఎంతవరకు వచ్చింది?" అని మిమ్మల్ని సూటిగా అడిగే స్వేచ్ఛ ఆమెకు ఇవ్వండి.

చివరి ప్రశ్న, పిల్లలకు బోధించవచ్చా అని. ఇప్పుడే మానుకోవద్దు. ఈ మానసిక స్థితిలో మానుకుంటే అది నిజమైన విశ్రాంతి అవుతుందో, అలిగి తప్పుకోవడమవుతుందో మీకే తేల్చుకోవడం కష్టం, ఆ సోదరికీ సంఘానికీ అయితే రెండోదిగానే కనిపిస్తుంది. ముందు ఆమెను కలవండి, అది ఈ వారంలోనే జరగాలి. తరువాత మూడు నెలలు తరగతి నడుపుతూనే పైన చెప్పిన సాయంత్రపు పది నిమిషాలు, సువార్త పఠనం కొనసాగించండి. అప్పటికీ లోపల ఏమీ మారకపోతే, మీ కాపరికి ఉన్నదున్నట్టు చెప్పి కొంతకాలం సెలవు అడగండి. విశ్రాంతి తీసుకునే బోధకురాలిని ఏ మంచి కాపరీ తక్కువగా చూడడు. స్త్రీల కూటంలో పాటలు నడిపించే పనిని మాత్రం ఈ మూడు నెలలూ వేరొకరికి అప్పగించి, మీరు వెనుక వరుసలో కూర్చుని పాడండి. ఎవరిని నడిపించమని అడగాలో మీరే నిర్ణయించుకోండి. ఆ సోదరికి పాడడం వచ్చునా?